డిక్కీలో దొరికిన పట్టర్

పోయిన ఏడాది ఏప్రిల్లో ఒక శనివారం ఇండియన్ గ్రోసరీకి వెళ్ళాం. మా వారికి గుండెలో స్టెంట్ వేసినప్పటి నుంచీ బియ్యం బస్తా ఎత్తే పని నేనే లాక్కున్నాను. ఆయన లోపల బిల్లు కడుతుండగా నేను సోనా మసూరి బస్తా తెచ్చి కారు డిక్కీ తెరిచాను. ఒక మూల పాత తుండుగుడ్డ చుట్టి ఏదో పొడుగ్గా ఉంది. గొడుగేమో అనుకుని జరపబోతే బరువుగా తగిలింది. విప్పి చూద్దును కదా, ఆయన పాత పట్టర్!

గోల్ఫ్ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బంతిని గాల్లోకి లేపి దూరంగా కొట్టడానికి రకరకాల కర్రలు ఉంటాయి. చివరికి జెండా ఉన్న నున్నటి గడ్డి మీదకి, అంటే గ్రీన్ మీదకి చేరాక, బంతిని నెమ్మదిగా దొర్లించి కన్నంలో వేయడానికి వాడే కర్ర పట్టర్. మా వారి పాత పట్టర్ ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెడితే 5 డాలర్లకి కొన్నది. దాని పట్టు జిగురు కారిపోయి చేతికి అంటుకునేది. దాన్ని పారేయమని నేనే చెప్పాను. ఎందుకంటే అంతకు ముందు ఆగస్టులో, ఆయన పుట్టినరోజుకి, అలాంటి ఇలాంటిది కాదు, నాలుగొందల డాలర్లకి దగ్గరగా పెట్టి కొత్తది కొనిచ్చాను. ఆ డబ్బు ఎక్కడిదంటే దీపావళికీ సంక్రాంతికీ ఇక్కడి తెలుగువాళ్ళకి జంతికలూ అరిసెలూ చేసి అమ్మగా కూడబెట్టింది. నాకై నేను సంపాదించిన డబ్బు.

మరి ఆ కొత్తది ఎక్కడుంది? పక్కనే గోల్ఫ్ బ్యాగులో, కవరు కప్పుకుని, అత్తారింట్లో మొదటిరోజు కొత్తకోడలిలా ఒదిగి ఉంది. కవరు తీశాను. అడుగున ఒక్క గడ్డిపోచ మరక లేదు. పాతదాని అడుగు మాత్రం పచ్చగా ఉంది.

నాకు విషయం అర్థమైంది. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు నా కళ్ళ ముందు కొత్తది బ్యాగులో ఉంటుంది. అక్కడికి వెళ్ళాక అది డిక్కీలోకి, ఇది బ్యాగులోకి. రెండూ బ్యాగులోనే పెట్టుకోవచ్చుగా అంటారేమో. 14 కర్రలకి మించి ఉండకూడదని ఆటలో నియమం. ఆయన బ్యాగులో సరిగ్గా 14 ఉంటాయి. స్నేహితులతో సరదా ఆటలో ఎవరు లెక్కపెడతారు చెప్పండి? ఈయన పెడతారు. గోల్ఫ్ నియమాలు తప్పరు, పెళ్ళాం దగ్గర మాత్రం ఎనిమిది నెలలు నాటకం ఆడతారు.

అంతలో ఆయన వచ్చారు. నా చేతిలో ఉన్నది చూశారు. బస్తా వంక చూశారు.

"బరువు నువ్వెందుకు ఎత్తావు? నేను వస్తున్నాగా" అన్నారు.

"ఏమండీ, ఇదేంటి?"

"అది... ఊరికే. అప్పుడప్పుడు."

"కొత్తది బాగాలేదా?"

"బాగానే ఉంది."

ఈ 'బాగానే ఉంది' అనే మాట ఉందే, దాని గురించి నేను ఒక గ్రంథం రాయగలను. పెళ్ళయిన 29 ఏళ్ళలో ఆయన నోటి నుంచి బాగాలేదు అనే మాట నేను వినలేదు. మా అమ్మ చేసిన మాడిన పులిహోర బాగానే ఉంది. ఆఫీసులో పదోన్నతి వేరేవాళ్ళకి ఇచ్చిన రోజు ఆఫీసు బాగానే ఉంది. 2022లో మా చెల్లెలు వాళ్ళు ఇండియా నుంచి వచ్చి ఉన్నప్పుడు రెండు రాత్రులు మంచం మీద కూర్చుని ఛాతీ రాసుకుంటూ ఉంటే, ఏమైందండీ అంటే, బాగానే ఉంది, కాస్త గ్యాస్ అన్నారు. జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చాను. తాగారు. మూడోరోజు పొద్దున బాత్రూం గుమ్మంలో కూలబడితే 911కి ఫోన్ చేశాం. ఒక నాళం పూర్తిగా మూసుకుపోయిందని అదే రోజు స్టెంట్ వేశారు. ఇంకో పూట ఆలస్యమైతే అని డాక్టరమ్మ వాక్యం పూర్తి చేయకుండా ఆపేసింది. రెండు రోజులు ఎందుకు చెప్పలేదండీ అని తరవాత అడిగితే ఆయన జవాబేమిటో తెలుసా? "మీ చెల్లెలు వాళ్ళు సరదాగా ఉన్నారు కదా, ఎందుకులే అని."

అందుకని ఆ రోజు పార్కింగ్ లాటులో నేను ఏడ్చింది పట్టర్ కోసం కాదు. కర్ర నచ్చలేదని చెప్పలేని మనిషి రేపు మళ్ళీ గుండెల్లో నొప్పి వస్తే చెబుతాడా? అదే అడిగేశాను, కాస్త గట్టిగానే. పక్క కారులో కొత్తిమీర కట్టలు సర్దుకుంటున్న ఆవిడ మావైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది, పాపం.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడోరోజు కాఫీ తాగుతూ ఆయనే మొదలుపెట్టారు. "దాంతో కొడితే బంతి కుడివైపుకి పోతోంది. మూడు నెలలు ప్రయత్నించాను. నువ్వు జంతికలు అమ్మి కొన్నది కదా, ఎలా చెప్పను?"

ఆ కర్ర ఎలా కొన్నానో ఇక్కడ చెప్పాలి. స్టెంట్ తరవాత డాక్టరమ్మ బాగా నడవమంది. ఊరికే నడవడం ఈయనకి విసుగు. ఎదురింటాయన గోల్ఫ్‌కి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. మేముండేది నార్త్ కరోలినాలో కేరీ. పైన్‌హర్స్ట్ అనే పేరున్న గోల్ఫ్ ఊరు మాకు గంటంబావు దూరం. 2024లో యూఎస్ ఓపెన్ అక్కడ జరిగింది. చివరిరోజు, జూన్ 16, ఫాదర్స్ డే. ఇద్దరం సోఫాలో కూర్చుని చూశాం. రోరీ మెకిల్‌రాయ్ గెలిచేస్తాడనుకున్నాం. 16వ హోల్‌లో రెండున్నర అడుగుల దూరం నుంచి బంతి కన్నంలో పడలేదు! మళ్ళీ 18వ హోల్‌లో నాలుగడుగుల లోపు నుంచి తప్పిపోయింది. ఒక్క స్ట్రోక్ తేడాతో డిషాంబో గెలిచాడు. రెండున్నర అడుగులంటే మా డైనింగ్ టేబుల్ ఎత్తు. మా వారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అంతా పట్టర్ దగ్గరే ఉంటుంది" అన్నారు. నేను ఆ మాట కొంగున ముడేసుకున్నాను.

ఆ మాట నిజమే కూడా. 18 హోల్స్‌కి పార్ 72 అనుకుంటే అందులో హోలుకి రెండు చొప్పున 36 పట్టర్ దెబ్బలకే కేటాయించారు. అంటే లెక్క ప్రకారం సగం ఆట ఈ ఒక్క కర్రదే. ప్రపంచంలో అందరికన్నా బాగా ఆడేవాళ్ళు కూడా 8 అడుగుల నుంచి రెండింట్లో ఒకటే కన్నంలో వేస్తారట.

ఆగస్టులో ఆయనకి చెప్పకుండా కొట్టుకి వెళ్ళాను. గోడ నిండా పట్టర్లే. కొన్ని సన్నగా కత్తిపీటలా, కొన్ని లావుగా ఇస్త్రీ పెట్టెలా. మా అబ్బాయి వయసు కుర్రాడు వచ్చి, "మీ ఆయనకి ఎలాంటి స్ట్రోక్ ఉంది?" అని అడిగాడు. నా గుండె ఝల్లుమంది. ఇతనికెలా తెలుసు అనుకుంటూనే, "స్ట్రోక్ కాదు బాబూ, స్టెంట్ మాత్రమే. ఇప్పుడు బాగున్నారు" అన్నాను. ఆ కుర్రాడి ముఖం చూడాలి! పట్టర్‌ని వెనక్కీ ముందుకీ ఊపే తీరుని స్ట్రోక్ అంటారని తరవాత చెప్పాడు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆయన చేతులు ఎలా ఊపుతారో నేనెప్పుడూ చూడలేదు. మామూలుగా అందరూ ఆడేట్టే అన్నాను.

చివరికి నేను ఎంచుకున్నది కథ చూసి. కార్‌స్టెన్ సోల్‌హైమ్ అని నార్వేలో పుట్టి ఇక్కడికొచ్చిన ఇంజనీరు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం. పట్టింగ్ సరిగ్గా కుదరక తనే 1959లో ఇంట్లో గరాజ్‌లో ఒక పట్టర్ చేసుకున్నాడు. బంతికి తగిలితే పింగ్ అని మోగేది, అదే కంపెనీ పేరైంది. తరవాత 1966లో ఇంకో మంచి ఆకారం తట్టింది, అందుబాటులో ఉన్న గ్రామఫోను రికార్డు కవరు మీద గీసేశాడట. దానికి పేరు పెట్టింది ఆయన భార్య లూయీజ్. ఇది సమస్యకి జవాబు కాబట్టి ఆన్సర్ అందామంది. ఆ ఇంగ్లీషు మాటలో అక్షరాలు ఎక్కువై కర్ర మీద పట్టలేదు. అయితే డబ్ల్యూ తీసేద్దాం, పలికితే అదే కదా అని కూడా ఆవిడే చెప్పింది. ఇది చదివి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించేటప్పుడు చిన్న గిన్నెలకి అక్షరాలు పట్టక ఇలాగే కత్తిరించేది. ఒక ఇల్లాలు పేరు పెట్టిన కర్ర! టైగర్ వుడ్స్ 15 మేజర్లు గెలిస్తే అందులో 14 ఒకే పట్టర్‌తో గెలిచాడనీ, వేరే కంపెనీదే అయినా దాని ఆకారం కూడా ఇదేననీ కుర్రాడు చెప్పాడు. ఇంకేం కావాలి? పొడుగు 35 అంగుళాలు, అది మామూలు సైజే అన్నాడు. తీసేసుకున్నాను.

చీర కొనేటప్పుడు కట్టుకునే మనిషి రంగు చూస్తాం, పొడుగు చూస్తాం. నాలుగొందల డాలర్ల కర్రకి అవేవీ చూడలేదు నేను.

సరే, కాఫీ తాగిన రోజుకి వద్దాం. బంతి కుడివైపుకి ఎందుకు పోతోందో తేల్చాలనిపించింది నాకు. తప్పు ఆయనదో నాదో తెలియాలి కదా. ఇక్కడే మొదటిసారి మేమిద్దరం కలిసి ఆ కర్ర గురించి చదివాం, వీడియోలు చూశాం.

ముందుగా బరువు ఎటు ఉందో చూడటం. ఇది ఎవరైనా చేయొచ్చు. పట్టర్‌ని అడ్డంగా పట్టుకుని, తలకి దగ్గరగా కాడ కింద చూపుడువేలు పెట్టి, తక్కెడలా నిలబెట్టాలి. నా కొత్త పట్టర్‌ని అలా పెడితే దాని కొస నేల వైపుకి వాలింది. దీన్ని టో హ్యాంగ్ అంటారు. పాత 5 డాలర్లదాన్ని పెడితే బంతికి తగిలే ముఖం ఇంటి కప్పుని చూస్తూ పడుకుంది. దీన్ని ఫేస్ బాలెన్స్‌డ్ అంటారు. కాడ ఎక్కడ అతికించారన్న దాన్నిబట్టి ఇది మారుతుంది. కాడ గీత తల బరువు మధ్యలోంచి పోతే ముఖం పైకి చూస్తుంది, ఒక చివరకి పోతే రెండో చివర వాలుతుంది. మన అట్లకాడనీ పులుసు గరిటెనీ వేలి మీద పెట్టి చూడండి, ఏది ఎటు తిరగాలనుకుంటుందో వేలికే తెలుస్తుంది.

రెండోది చేతి ఊపు. కొందరు పట్టర్‌ని గీత గీసినట్టు తిన్నగా వెనక్కి తీసి తిన్నగా ముందుకి తోస్తారు. కొందరిది తలుపు తెరిచి మూసినట్టు కాస్త వంపుగా తిరుగుతుంది. వంపు ఉన్నవాళ్ళకి టో హ్యాంగ్ కలిసొస్తుంది, దాని కొస తనంతట తాను తెరుచుకుని మూసుకోవడానికి చూస్తుంది కాబట్టి. తిన్నగా ఆడేవాళ్ళకి ముఖం కదలకుండా ఉండే ఫేస్ బాలెన్స్‌డ్ నయం అంటారు. తిన్నగా ఆడేవాళ్ళ చేతికి టో హ్యాంగ్ ఇస్తే ముఖం తెరుచుకుని మూసుకోకుండా ఉండిపోయి బంతి కుడికి జారే ప్రమాదం ఉంది. ఇదేమీ శిలాశాసనం కాదనుకోండి. దీనికి విరుద్ధంగా ఆడి గెలిచేవాళ్ళూ ఉన్నారు. కానీ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

గరాజ్‌లో సిమెంటు నేల మీద ముగ్గు పిండితో రెండు తిన్నని గీతలు గీశాను, పట్టర్ తల మధ్యలో పట్టేంత ఎడంగా. ఆయన్ని పాత కర్రతో వాటి మధ్య ఊపమన్నాను. నేను వెనక ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఎన్నిసార్లు ఊపినా ముగ్గు చెదరలేదు. పట్టాల మీద రైలులా పోయి వచ్చింది.

"నువ్వు కూడా ఒకసారి ఊపు" అన్నారు. ఊపాను. వెనక్కి తీసినప్పుడూ ముందుకి తెచ్చినప్పుడూ లోపలి గీత మీద ముగ్గంతా చెరిపేశాను. చీపురు పట్టిన చేయి మరి.

ఆ వీడియో రాత్రి మళ్ళీ చూశాను. ఆట కోసం కాదు. ఆయన మెడ వెనక జుట్టు అంత తెల్లబడిందని నేను గమనించనేలేదు. కుడి భుజం ఎడమదాని కన్నా కొంచెం కిందకి ఉంది. బంతి కొట్టే ముందు ఒక్క క్షణం ఊపిరి ఆపుతారు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెడతాను గానీ, వెనక నుంచి ఆయన్ని ఇంతసేపు చూసింది లేదు.

తరవాతి వారం పట్టర్లు అమర్చి ఇచ్చే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. డెబ్భై ఏళ్ళుంటాయి. అమ్మే తొందర లేదు. మా వారిని బంతి దగ్గర నిలబెట్టి, కొత్త కర్ర చేతికిచ్చి, నేల మీద గీతలున్న అద్దం పెట్టాడు. మా వారు 5 అడుగుల 5 అంగుళాలు. 35 అంగుళాల కర్రకి ఆయన నిటారుగా నిలబడాల్సి వచ్చి, బంతి దూరంగా జరిగి, కళ్ళు బంతికి రెండు అంగుళాలు ఇవతలే ఉండిపోయాయి. అక్కడి నుంచి చూస్తే గురి సరిగ్గా తెలియదట. పైగా కర్ర కొస గాల్లోకి లేచి ఉంది. ఇంట్లో ఇలా చూసుకోవచ్చని చెప్పాడు: ఆడే భంగిమలో వంగి, ముక్కు పైభాగాన రెండు కళ్ళ మధ్య ఇంకో బంతి పెట్టుకుని వదిలేయండి. అది కింద బంతి మీద గానీ, దానికి కొంచెం ఇవతల గానీ పడాలి. మరీ ఇవతల పడితే మీరు దూరంగా నిలబడ్డట్టే. ముందు భంగిమ, దాన్నిబట్టి పొడుగు, ఆ తరవాతే తల ఆకారం అని ఆయన పద్ధతి. నేను చేసింది సరిగ్గా తలకిందులు.

తరవాత పట్టర్ ముఖం మీద తెల్లటి పొడి చల్లి ఆరడుగుల నుంచి పది బంతులు కొట్టించాడు. నాలుగు పడ్డాయి. పొడిలో బంతి ముద్రలన్నీ కొస వైపే ఉన్నాయి.

"ఇంట్లో ఇంకేదైనా ఉందా?" అని అడిగాడు.

మా వారు నా వంక చూశారు. వెళ్ళి డిక్కీలోంచి తుండుగుడ్డ మూట నేనే తెచ్చాను.

పెద్దాయన దాన్ని వేలి మీద నిలబెట్టాడు, టేపు పెట్టి కొలిచాడు. ఎవరో పాత యజమాని కోయించి ఉంటాడు, 33 అంగుళాలు. కాడ తల మధ్యలో ఉంది. పది కొట్టమన్నాడు. ఏడు పడ్డాయి. ముద్రలన్నీ నడిమధ్యన. గోడ మీద వందల డాలర్ల పట్టర్లు ఇంకో మూడు చేతికిచ్చి చూశాడు. ఒకటి దీనికి సమానంగా నిలిచింది, మిగతా రెండూ కాదు. "మీకు అమ్మడానికి నా దగ్గరేమీ లేదు. ఈ జిగురు పట్టు తీసేసి కొత్తది వేస్తాను, కాస్త లావుది. మణికట్టు ఆడకుండా ఉంటుంది" అన్నాడు.

అంటే సరైన కర్ర ఆయన చేతిలో ముందు నుంచీ ఉంది. నేను దాన్ని పారేయమన్నాను. ఆయన పారేయలేదు, పారేయలేదని చెప్పనూ లేదు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ కోపం రావాలో నాకు అర్థం కాలేదు. పెద్దాయన పట్టు మారుస్తున్నంతసేపూ పక్కపక్కన కూర్చున్నాం.

"కొత్తదాన్ని ఏం చేద్దాం? వాపసు తీసుకోరు" అన్నాను.

"నీకు సరిపోతుంది. నీది వంపే కదా" అన్నారు. ముగ్గు గుర్తుపెట్టుకున్నారన్నమాట.

నవ్వులాటకనుకున్నాను గానీ పెద్దాయన నన్ను నిజంగానే నిలబెట్టి చూశాడు. నేను 5 అడుగుల 1 అంగుళం. 32 అంగుళాలకి కోయాలన్నాడు. కాడ కోస్తే తల తేలికైనట్టు అనిపిస్తుందని అడుగున సన్నటి సీసపు టేపు అంటించాడు. లూయీజ్ పేరు పెట్టిన కర్ర మళ్ళీ ఒక ఇల్లాలి దగ్గరికే చేరింది. మా వారితో గ్రీన్ మీదకి ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాను. ఆట రాదు, మిగతా 13 కర్రల జోలికి పోను. పట్టింగ్ మాత్రమే.

మొన్న సాయంత్రం కుక్కర్ పెట్టి, మూడు కూతలు వచ్చేలోపు హాల్లో కార్పెట్ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి దాంట్లోకి బంతి కొడుతున్నాను. ఆయన సోఫాలో కూర్చుని చూస్తున్నారు. రెండు పోయాయి, ఒకటి టీవీ కిందకి దొర్లింది. తెచ్చివ్వండి అన్నాను. లేవబోయి ఆగారు.

"ఎడమ మోకాలు రెండు రోజుల నుంచి పట్టేస్తోంది" అన్నారు.

నేను అడగలేదు. ఆయనంతట ఆయనే చెప్పారు. కర్ర గోడకి ఆనించి, ఎక్కడ, ఇక్కడా, ఇంకాస్త పక్కకా అని చూస్తూ కూర్చున్నాను. కుక్కర్ నాలుగో కూత కూడా కూసేసింది.